సేటు కారు గ్యాస్

దోర్నపాల్ సంతలో మా చింతపండు కొనే సేటు కారు దిగేవాడు కాదు. లోపల ఏసీ వేసుకుని కూర్చుని, అద్దం బెత్తెడు దించి బేరమాడేవాడు. "జల్ది చెప్పక్కా, గ్యాస్ బయటికి పోతది" అనేవాడు. గుట్కా ఉమ్మడానికి మాత్రం అద్దం పూర్తిగా దించేవాడు. అయినా మేం నమ్మి, గబగబా మాట్లాడేవాళ్లం.

ఒక ఎండాకాలం మా తోడికోడలు కాంటా దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. నేను బతిమాలితే సేటు వెనక తలుపు తీసి ఆమెను కూర్చోబెట్టుకున్నాడు. చల్లగాలికి ఆమె తేరుకుంది. నేను దండం పెట్టాను.

అప్పుడు సేటు, "తలుపు తీస్తే గ్యాసంతా పాయె. మళ్ల నింపిస్తే రెండు వేలైతది. ఆమె చింతపండు బుట్ట ఇచ్చి పోండి, మిగతాది మాఫ్" అన్నాడు. ఆ బుట్ట అమ్మితేనే ఆమె ఇంట్లోకి బియ్యం. అయినా ఇచ్చేసి, మాఫ్ చేసినందుకు మళ్లీ దండం పెట్టాం.

గ్యాస్‌కి నిజంగా అంత అవుతుందా అని తర్వాత కొంటా ఊళ్లో కార్ల మేస్త్రీని అడిగాను. ఆ గ్యాస్ గొట్టాల్లో ఉంటుందని, తలుపు తీస్తే పోదని చెప్పాడు.

మరుసటి సంతలో తోడికోడలు నిలదీసింది. "సేటూ, తలుపు తీస్తే గ్యాస్ పోదంట గదా! నా బుట్ట ఎందుకు గుంజుకున్నవ్?"

సేటు పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. "పోదని నాకు తెల్వదా ఏంది? మీరిచ్చిన్రు, నేను తీసుకున్న."

ఆ సంతలో చింతపండు కొనేవాడు అతనొక్కడే. మా బుట్టలు మళ్లీ అతని కాంటా మీదే పెట్టాం.