ఖాళీగా రాని సీసా

మా పుదీనా బీదర్ కోటలోంచి వచ్చింది. మా ముత్తాత అక్కడి వంటశాలకు నీళ్ళు మోసేవాడు. ఒకనాడు తలరుమాల్లో ఒక వేరు చుట్టుకొని బయటికి వస్తుంటే కావలివాళ్ళు ఆపి, "నీ నెత్తి నుంచి గీ వాసన ఏంది?" అని అడిగారు. ముత్తాత తడుముకోలేదు. "మా ఇంట్ల అందరికీ చెమట గిట్లనే వాసనొస్తది" అన్నాడు. వాళ్ళు నమ్మి వదిలేశారు.

ఈ కథ మా సందులో వినని ఆడమనిషి లేదు. అసలు సంగతేమంటే, అది అంగడిలో కొన్న కట్ట. ఆకు దూసుకొని, మిగిలిన కాడలు దొడ్లో బోరు పక్కన తడిమట్టిలో గుచ్చితే నాటుకున్నాయి. కానీ అంగడి కట్ట అని చెబితే గోడ దగ్గర ఎవరు నిలబడతారు? పట్టెడు పుదీనా తీసుకొని పోతారు. బీదర్ కోట అంటే, కావలివాళ్ళు ముత్తాతను వదిలేసేదాకా కదలరు.

నారాయణఖేడ్‌లో మాది రెండర్రల ఇల్లు, వెనక చిన్న దొడ్డి. చీరలకు ఫాల్స్ కుట్టి బతుకుతాను. మా ఆయన పోయి చాలా ఏండ్లయింది, పిల్లలు లేరు. ఆయన ఉన్నప్పుడు నా కథలు ఆయనే వినేవాడు, సగం కథకే గురక పెట్టేవాడు. ఆ గురకైనా ఒక జవాబే కదా. ఇప్పుడు మిషన్ ఆపితే ఇంట్లో ఇంకో చప్పుడు ఉండదు. అందుకని చీర అయిపోయినా కొన్నిసార్లు ఊరికే తొక్కుతుంటాను.

దొడ్లో మాత్రం అన్నీ ఉండేవి. పుదీనా, కొత్తిమీర, మెంతికూర, కరివేపాకు చెట్టు, ఒక మూలన నిమ్మగడ్డి, పగిలిన బిందెలో వామాకు. గోడ వెంట సోయికూర. గోడ అవతలి అవ్వ దాన్ని సబ్బసిగె అంటుంది. ఆమె తల్లిగారిది నాగల్‌గిద్ద దిక్కు, ఇంట్లో కన్నడం మాట్లాడతారు. ఏండ్లకేండ్లు ఇక్కడే ఉన్నా, కోపం వస్తే మాత్రం కన్నడమే వస్తుంది ఆమెకు.

దీపం పెట్టినంక ఆకు తెంపరు మా దగ్గర. చెట్టు పడుకుంటదంటారు. అందుకని అడిగేవాళ్ళు పొద్దు వాలకముందే వస్తారు. నాలుగు దాటిందంటే నా కాళ్ళు మిషన్ మీద, చెవులు గోడ మీద. ముందు గోడ మీద అవ్వ చెయ్యి కనిపించేది, ఆ తర్వాత నెరిసిన కొప్పు.

"ఏందే పిల్లా, జర పుదీనా ఇయ్యి." నాకు యాభై దగ్గరపడుతున్నా ఆమెకు నేను పిల్లనే.

నేను తొందరగా తెంపేదాన్ని కాదు. ఒక్కో కొమ్మ తెంపుతూ ఒక్కో ముక్క చెప్పేదాన్ని. మా కరివేపాకు చెట్టు ఏటా వానల ముందర ఒక అడుగు బోరు దిక్కు జరుగుతుందని చెప్పాను. నిమ్మగడ్డి చాయ్ వాసనకు ఒక పాము వచ్చి గడప బయట తల ఆనించుకొని కూర్చునేదని చెప్పాను. మా మేనత్త పుట్టుమూగ అని, ఒకనాడు సోయికూర పప్పు తిని మాట్లాడటం మొదలుపెట్టిందని, ఇగ మళ్ళీ ఆపలేదని చెప్పాను.

"బరీ సుళ్ళు!" అనేది అవ్వ. ఒట్టి అబద్ధాలు అని. "ఆ సోయికూర మీ మేనత్త కన్న నువ్వే ఎక్కువ తిన్నట్టున్నవ్."

అనేది కానీ, పోయేది కాదు. గోడ మీద మోచేయి మార్చుకొని, "మరి ఆ పాము ఏమైంది?" అని అడిగేది.

ఎదురింటి వదినె కూడా వచ్చేది. ఆమె మొగుడు కల్హేర్ దాకా ఆటో నడుపుతాడు. ఆమెకు ఎప్పుడూ పొయ్యి మీద ఏదో ఒకటి మాడుతుంటుంది. అయినా నిలబడేది. నేను చిన్న మెలిక కూడా పెట్టుకున్నాను. మా పుదీనా వేరు ఈ దొడ్డి దాటితే పదిహేను రోజులకు చచ్చిపోతుందని, కోట నుంచి వచ్చేటప్పుడే అట్ల శాపం ఉందని చెప్పాను. ఎవరి దొడ్లో వాళ్ళు పెంచుకుంటే ఇగ నా గోడకు పనేముంది?

మొన్నటి ఎండాకాలం ఆ గోడకే ఎసరొచ్చింది. శివరాత్రి పోయిందో లేదో బోరు గుడగుడమని గాలి కక్కింది. నల్లా నీళ్ళు వచ్చిన రోజు వస్తాయి, రాని రోజు లేవు. బియ్యం కడిగిన నీళ్ళు పుదీనాకు, గిన్నెలు కడిగిన తొలినీళ్ళు కరివేపాకుకు పోశాను. అయినా కొత్తిమీర పసుపెక్కింది. పుదీనా ఆకు అంచులు కాలిన కాగితంలా ముడుచుకున్నాయి. ఎండలు ముదిరితే ఆకు ఉండదు. ఆకు లేకపోతే గోడ మీద చెయ్యి ఉండదు. నాకు దాహం వేసినా అంత భయం వేయలేదు.

అప్పుడు ఒక తెలివైన ఆలోచన వచ్చింది. నా ఆలోచనలన్నీ మొదట్లో తెలివిగానే ఉంటాయి. ఉన్న ఆకంతా మాడకముందే కోసి, ఎండబెట్టి, అందరికీ పంచుదామనుకున్నాను. అది కూడా కవర్లలో కాదు, గాజు సీసాల్లో. కవర్‌లో ఇస్తే కవర్ వాపస్ రాదు. సీసాలో ఇస్తే సీసా వాపస్ రావాలి, అదీ ఖాళీగా రావొద్దు. మా దగ్గర పొరుగింటి గిన్నె ఉత్తది ఇయ్యరు. ఇంత చక్కెరో, గుప్పెడు కందిపప్పో, ఏమీ లేకుంటే ఒక బెల్లం ముక్కో వేసి ఇస్తారు. సీసా తెచ్చినామె గడప మీద కూర్చుంటుంది. కూర్చున్నామెకు నేను కథ చెప్తాను. ఎండాకాలం గడిచిపోతుంది.

పొద్దున మంచు ఆరగానే కోసేదాన్ని. తడి ఉంటే ఆకు బూజు పడుతుంది, ఎండెక్కితే వాసన పోతుంది. పుదీనా, మెంతి కడిగి, పాత నూలుచీర మీద పరిచి ఫ్యాన్ కింద ఆరబెట్టాను. ఎండలో వేస్తే ఆకు నల్లబడి గడ్డిలా అవుతుంది, నీడలోనే పచ్చదనం నిలుస్తుంది. కరివేపాకు రెమ్మలు కట్టలు కట్టి దండెం మీద తలకిందులుగా వేలాడదీశాను. సోయికూర ఎండితే వాసన ఉండదు, అందుకని సన్నగా తరిగి ఒక వరుస ఉప్పు, ఒక వరుస ఆకు వేసి సీసాలో కుక్కాను. వామాకు మాత్రం నా మాట వినలేదు. దళసరి ఆకు, లోపల అంతా నీళ్ళే. ఎండక ముందే నల్లబడి కుళ్ళింది. దాన్ని బిందెలోనే వదిలేశాను.

ఆ రోజుల్లో ఇల్లంతా వాసనే. చీరల గుత్తేదారు వచ్చి, "నీ ఫాల్స్‌కు పులావ్ వాసనొస్తుందమ్మా" అన్నాడు. వేలు పెట్టి నలిపితే పాపడంలా పటపటమన్నాక సీసాల్లో నింపాను. చెమ్మ పట్టకుండా అడుగున బియ్యం మూట పెట్టి మూత బిగించాను. ఇంటింటికీ నేనే తీసుకుపోయి ఇచ్చాను.

వదినె సీసాను వెలుగుకు పట్టి చూసి మురిసిపోయింది. అవ్వ మాత్రం సీసాను అటూ ఇటూ తిప్పి, "గింతనా?" అంది.

"గింత కాదు అవ్వా, ఏడాది దాక వస్తది. ఇగ నీకు గోడ పట్టుకొని నిలబడే తిప్పలు లేదు" అన్నాను, ఎంతో మేలు చేసినట్టు.

అవ్వ సీసా పట్టుకొని లోపలికి పోయింది.

ఇగ చూడాలి నా తెలివి. పచ్చి పుదీనా గుప్పెడు వేసే చోట ఎండినది చిటికెడు చాలు. ఆ సంగతి నాకు తెలియక కాదు, ఆ చిటికెడు నా లెక్కలో పడలేదు. ఒక వారం గోడ దిక్కు చూశాను. తర్వాత చూడనట్టు చూశాను. నాలుగు దాటేది, ఎండ గోడ దిగేది, దీపం వేళ అయ్యేది. ఎదురింట్లోంచి నా పుదీనా వాసన నా కిటికీలోకే వచ్చేది. మనిషి రాలేదు.

దొడ్లో కాడలు ఎండి విరిగాయి. నిమ్మగడ్డి చీపురు పుల్లలయింది. నేను దండేనికి కథ చెప్పాను. మిషన్‌కు చెప్పాను. మిషన్ మంచిదే, ఎక్కడా అడ్డం రాదు, కానీ "బరీ సుళ్ళు" అనదు. అబద్ధం అని అనేవాళ్ళు లేకపోతే అబద్ధం చెప్పబుద్ధి కాదని అప్పుడు తెలిసింది. ఒక మధ్యాహ్నం నోరు విప్పి చూస్తే గొంతు బొంగురుపోయింది. ఆ రోజు పొద్దున్నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు మరి.

ఉండబట్టలేక వదినె ఇంటికి పోయాను. సీసా పొయ్యి గట్టు మీద, దాదాపు నిండుగా ఉంది.

"అమాసకొకసారి సీసా నా దగ్గరికి తేవాలె వదినే" అన్నాను. "ఎండబెట్టిన చెయ్యి తగిలితెనే ఆకు వాసన నిలుస్తది. లేకుంటే పాములకు ఎరుకైతది."

వదినె పకపకా నవ్వింది. "ఫోన్ల చూసిన వదినా, మూత గట్టిగ పెడితే ఏడాది ఉంటదట. చిటికెడేస్తే చాలు. నీ పుణ్యమాని ఇగ రోజు నిన్ను పరేషాన్ చేసుడు తప్పింది." చాయ్ ఇచ్చింది. మర్యాదగానే మాట్లాడింది. పొయ్యి మీద ఏదో మాడుతుంటే లోపలికి పోయింది. నేను చాయ్ తాగి గ్లాసు అక్కడే పెట్టి వచ్చేశాను.

అవ్వ దగ్గరికి పోలేదు. గోడ అవతల ఆమె దగ్గు వినిపించేది, కోడలి మీద కన్నడంలో అరవడం వినిపించేది. అంటే కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి. మరి నన్నొక్కమాట పిలవదేంది? పిలవనామె గోడ మీదికి నేనెందుకు తొంగి చూడాలి? ఎండాకాలమంతా ఆ గోడకు ఇటు నేను, అటు ఆమె.

మొదటి వాన పడిన మర్నాడు సాయంత్రం, ముందు తలుపు చప్పుడైంది. అవ్వ. గోడ మీద నుంచి కాదు, సందు చుట్టి, బురదలో, ముందు గుమ్మానికి వచ్చింది. కొంగు కింద సీసా.

"ఇగో నీ సీసా."

"ఆకు అయిపోయిందా?"

"యాడ? ముట్టనే లేదు. స్టీల్ డబ్బల పోసి పెట్టిన."

"ఎందుకు ముట్టలె?"

"ఏడాదికి సరిపోను చేతుల పెట్టినవ్. ఏడాది దాక ఇటు దిక్కు రావొద్దన్నట్టే గద. ఇగ నేనెందుకొస్త?" అంది, గడప మీద కూర్చుంటూ. "తిప్పలు లేదంట, తిప్పలు. నీకు చెప్పిన్నా, నాకు తిప్పలున్నదని?"

నేను సీసా అందుకొని ఊరికే అటూ ఇటూ తిప్పాను. అది చూసి అవ్వే తడబడింది. "మూత తియ్యి" అంది.

తీశాను. పప్పు లేదు, బెల్లం లేదు. తడిబట్టలో చుట్టిన పుదీనా వేర్లు. తెల్లటి పీచు, చివర్ల చిట్టి చిట్టి ఆకులు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అదే వాసన. అంగడి కట్ట వాసన. బీదర్ కోట వాసన.

"ఎక్కడిది?"

"మా వెనక తూము కాడ గుంపుగున్నది. నీదే."

"నేనెప్పుడిచ్చిన?"

"నువ్వెక్కడిచ్చినవ్? దొంగతనం జేసిన. శాపముందని చెప్పినవ్ గద, ఆ దినమే. ఒక పిలక చేతుల దాచుకొని పోయిన. దొంగిలించింది మంచిగ నాటుకుంటది."

ఆ శాపం కథ నేను చెప్పి ఏండ్లయింది. "మరి అప్పటి నుంచి మీ ఇంట్ల పుదీనా ఉన్నదా?"

"కోడలు పీకి పారేస్తున్నా వస్తనే ఉన్నది."

"మరి రోజు గోడ మీద నుంచి పుదీనా ఇయ్యమని అడుగుతుంటివి?"

అవ్వ పక్కకు తిరిగి బురద కాలును గడప అంచుకు రాసుకుంది. "నీ నోరు ఊకుంటదా? ఎవరికో ఒకరికి చెప్పకుంటే పగిలిపోతవ్. పాపమని వచ్చిన."

"నా కోసమా?"

"మరి నా కోసమనుకున్నవా? బరీ సుళ్ళు" అంది.

దీపం వేళ కాకముందే వేర్లు బోరు పక్కన పెట్టాను. అవ్వ గోడకు ఆనుకొని, లోతు సరిపోదని, దూరం సరిపోదని తప్పులు పట్టింది. అవ్వ పోయేటప్పుడు సీసా నా చేతిలోనే ఉంది, ఉత్తది. ఆమెకు ఇవ్వాలంటే ఏదో ఒకటి వేయాలి. దొడ్లో పచ్చగా మిగిలింది వామాకు ఒక్కటే, పగిలిన బిందెలో ఎండాకాలమంతా మొండిగా నిలబడ్డది. ఆకులు తెంపి సీసా నింపాను.

"దీన్ని ఎండబెట్టరాదు అవ్వా. రెండు దినాలుంటే నల్లబడ్తది."

అవ్వ సీసాలోకి చూసింది, నా మొఖం చూసింది. సీసా కొంగు కింద పెట్టుకుంది.

"మరి ఆ పాము ఏమైంది? ఎండాకాలం చాయ్ లేక సచ్చిందా?"

"ఎల్లుండి చెప్త" అన్నాను.