అదే వరుసలో మూడు ప్రశ్నలు

తలకు దెబ్బ తగిలిన మనిషిని గంటగంటకూ చూడాలి. చూడడమంటే మంచం పక్కన ఊరికే నిలబడడం కాదు. పేరు అడగాలి, ఎక్కడున్నాడో అడగాలి, ఏ వారమో అడగాలి. కళ్లలోకి టార్చి కొట్టి, కంటిపాపలు రెండూ ఒకే తీరుగా చిన్నవవుతున్నాయో లేదో చూడాలి. రెండు చేతులతో నా వేళ్లు పిసకమనాలి, కాళ్లు ఎత్తమనాలి. అన్నీ కాగితం మీద రాయాలి. వినడానికి ఎంత సులువో! పాతికేళ్లుగా నర్సుగా ఇదే పని చేస్తున్నాను. మోకాళ్లు పోయాయి, ఓపిక అంతకన్నా ముందే పోయింది.

ఆ రోజు నారాయణఖేడ్‌లోని మా చిన్న ప్రైవేటు దవాఖానలో నేను ఒక్కదాన్నే డ్యూటీలో ఉన్నాను. రెండో సిస్టర్ రాలేదు, ఫోన్ చేస్తే ఎత్తలేదు. పది మంచాలూ నిండి ఉన్నాయి. కాన్పు అయిన ఒక అమ్మాయి, ఆమెకు తోడుగా నన్ను అడుగడుగునా పిలిచే ఆరుగురు చుట్టాలు. పొద్దుటి నుంచి టీ తాగానో లేదో కూడా గుర్తు లేనంతగా అలిసిపోయి ఉన్నాను.

ఆ మనిషిని ఎనిమిదింటికి మనూర్ వైపు నుంచి ఆటోలో తెచ్చారు. నలభై అయిదేళ్లుంటాయి. కంది సంచులు నింపిన ట్రాక్టర్ మీద నుంచి వెల్లకిలా పడ్డాడు. కాసేపు స్పృహ తప్పి మళ్లీ తేరుకున్నాడట. డాక్టర్ చూసి, హైదరాబాద్ తీసుకెళ్లి తలకు స్కానింగ్ చేయించమన్నాడు. భార్య ససేమిరా అంది. ఎంత చెప్పినా వినకపోయేసరికి డాక్టర్ విసుగెత్తి, "సరే, సాయంత్రం దాకా చూద్దాం. ఒక్క జవాబు తప్పినా ఆగేది లేదు, హైదరాబాదే" అని ఆమె ముందే నాకు చెప్పి వెళ్లాడు. ఆ మాట ఆమె నాకంటే శ్రద్ధగా విన్నదని అప్పుడు నాకు తెలియదు.

తొమ్మిదింటికి మొదటిసారి అడిగాను.

"అన్నా, నీ పేరేంది?"

చెప్పాడు.

"ఇప్పుడు యాడున్నవ్?"

"నారాయణఖేడ్ దవాఖాన."

"ఇయ్యాల ఏం వారం?"

"మంగళారం."

నా వేళ్లు ఎంత గట్టిగా పిసికాడంటే ఉంగరం ఒత్తుకుని నొప్పి పుట్టింది. మంచిదే అనుకుని టిక్కు పెట్టాను.

పదింటికి అవే ప్రశ్నలు, అవే జవాబులు. పదకొండింటికీ అంతే. నేను వెళ్లేసరికే భార్య తడి తువ్వాలతో అతని మొహం తుడిచి, లేపి, దిండుకు ఆనించి కూర్చోబెట్టేది. ఎంత బాగా చూసుకుంటోందో అనుకున్నాను. మిగతా చుట్టాల్లా నన్ను సతాయించనందుకు ఆమె మీద ప్రేమ కూడా పుట్టింది. పన్నెండింటికి, నిజం చెప్పాలంటే, నేను జవాబులు వినలేదు. అతని పెదవులు కదలగానే టిక్కు పెట్టేశాను. టార్చి కొట్టానా? కొట్టాననే రాశాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఒంటిగంటకు అతని ముందు నిలబడి నోరు తెరిచేలోగా, కాన్పు అయిన అమ్మాయి సెలైన్ ఊడిపోయిందని కేకలు. వెళ్లి సరిచేసి వచ్చేసరికి ఎక్కడ ఆపానో మరిచిపోయాను. పేరు అడగడం అయిపోయిందనుకుని రెండో ప్రశ్నతో మొదలుపెట్టాను.

"అన్నా, ఇప్పుడు యాడున్నవ్?"

అతను తన పేరు చెప్పాడు.

"పేరు గాదన్నా. యాడున్నవ్ అంటున్న."

"నారాయణఖేడ్ దవాఖాన."

హమ్మయ్య అనుకున్నాను. ఎందుకో మళ్లీ అడిగాను, "మరి నీ పేరేంది?"

"మంగళారం."

టిక్కు పెట్టబోయిన చెయ్యి ఆగిపోయింది. భార్య తలవంచుకుని నేల చూస్తోంది. టార్చి తీసి కొట్టాను. ఎడమ కంటిపాప పెద్దదై ఉంది, వెలుతురు పడినా కదలలేదు. కుడిచేతిలో పట్టు లేదు. డాక్టర్‌ను కేకేసి ఆమె మీద పడ్డాను.

"ఏం జేసినవక్కా?"

"నువ్వొచ్చే ముందల లేపి చెప్పిచ్చిన సిస్టర్. పేరు, దవాఖాన, మంగళారం. గట్లనే వరుసగ. జవాబు తప్పితే పట్నం పంపుతమంటిరి గద. మా మరిదిని గట్లనే పట్నం కొంటవోయిన్రు. మల్ల ప్రాణంతోని రాలే."

"ఎప్పటి సంది చెప్పిస్తున్నవ్?"

"నువ్వు రెండోపారి వచ్చినప్పటి సంది."

అంటే పదింటి నుంచి. అప్పటి నుంచి నా కాగితం మీద మూడు తప్పుడు టిక్కులు. ఆమెను కొట్టాలన్నంత కోపం వచ్చింది. డాక్టర్ ఆ కాగితం చూసి, "పన్నెండింటి దాకా బాగానే ఉన్నాడన్నమాట" అన్నాడు. నేను అవునన్నాను. అంబులెన్స్ వెళ్లాక గానీ ఆ కోపంలో సగం నా మీదిదేనని ఒప్పుకోలేకపోయాను.

అప్పటి నుంచి వరుస మార్చి అడుగుతాను. పొద్దున ఏం తిన్నవ్, బర్రె ఈనిందా, చేన్ల ఏం పెట్టినవ్, ఏది తోస్తే అది. చిన్న సిస్టర్లు చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

అతను బతికాడు. హైదరాబాద్‌లో తలకు ఆపరేషన్ చేసి, గడ్డకట్టిన రక్తం తీశారని విన్నాను. మూడు గంటలు ముందు పంపి ఉంటే ఎలా ఉండేవాడో ఎవరూ నన్ను అడగలేదు. నన్ను నేనే రోజూ అడుగుతున్నాను.

అయిదు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె అతన్ని మా దవాఖానకు తీసుకొచ్చింది. తలకు తువ్వాల చుట్టుకున్నాడు. కుడికాలు ఈడుస్తున్నాడు.

"మాట వచ్చిందా అక్కా?"

"వచ్చింది సిస్టర్. ఒక్కటే మాట. నీళ్లు కావాల్నా అంటే నారాయణఖేడ్ దవాఖాన అంటడు. చేన్ల నిలబెడితే గదే అంటడు. బిడ్డను జూపిచ్చి గీమె ఎవరంటే గూడ గదే." కొంగుతో మొహం తుడుచుకుంది. "నేను నేర్పిందొక్కటే మిగిలింది. నువ్వడుగు సిస్టర్. నువ్వడిగితే చెప్తుండె గద."

పేరు అడగాలంటే భయమేసింది. ఆమె ఆ రోజులాగే అతని మొహం తుడిచి, గోడకు ఆనించి నిలబెట్టింది. అతను నా వైపే చూస్తున్నాడు. చాలాసేపు ఆలోచించి రెండో ప్రశ్న అడిగాను.

"అన్నా, ఇప్పుడు యాడున్నవ్?"

"నారాయణఖేడ్ దవాఖాన."

ఆమె మొహం వెలిగిపోయింది. నా చెయ్యి పట్టుకుంది.

"సరిగ్గ చెప్పిండు గద సిస్టర్?"

"సరిగ్గనే చెప్పిండక్కా" అన్నాను. ఆ రోజు పెట్టిన మూడు తప్పుడు టిక్కుల పక్కన ఇది నాలుగోది.