నీకు పేరు పెట్టిందెవరు?

మొన్న పోస్టాఫీసులో ఎవరిదో పార్సిలు మీద లక్క కరిగించి ముద్ర వేస్తుంటే, ఆ వాసనకు నా కళ్లు చెమర్చాయి. కౌంటరు వెనక అబ్బాయి "పొగ వడతలేదా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. రాహేలమ్మ టీచరు సంగతి అతనికి ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పను?

అది నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడు. మిర్యాలగూడ ఆడపిల్లల బడిలో నాకు చదువు చెప్పిన రాహేలమ్మ టీచరే, అదే బడిలో నాకు పంతులమ్మ కొలువు చూసింది. ఇళ్లలో వడ్లు దంచి నన్ను సాకిన అమ్మ ఇక రోకలి పక్కన పెట్టవచ్చని సంబరపడ్డాం. కానీ సర్కారు కొలువుకు ముల్కీ సర్టిఫికెట్ కావాలి. అంటే ఈ రాజ్యం మనిషినేనని రుజువు. అది తండ్రిని బట్టి వస్తుంది. మా నాన్నది చివ్వెంల. నాకు ఊహ తెలియకముందే పోయాడు. తొలి కాన్పు గనుక నేనేమో అమ్మ పుట్టింట్లో, కోదాడ దాటాక సరిహద్దు అవతల ఊళ్లో పుట్టాను. సూర్యాపేట తహసీల్దారు కచేరీలో గుమాస్తా నా కాగితం చూసి, "నువ్వు పుట్టింది మద్రాసు ఇలాకాల. ముల్కీ ఎట్లయితవ్?" అని తిరగ్గొట్టాడు.

కచేరీ మెట్ల మీదే ఏడుపు లంకించుకున్నాను. "కాయితం మీద ఏడువకు, సిరా కారుతది. జర పక్కకు జరిగి ఏడువు," అంది నా వెంట వచ్చిన టీచరు. ఆమె ఓదార్పు ఎప్పుడూ మొట్టికాయలాగే ఉండేది. వెంటనే చేతిలో అరటిపండు మాత్రం పెట్టేది.

ఆ ఆదివారం ఆమె చర్చి మానుకుని నన్ను అమ్మమ్మ ఊరికి తీసుకెళ్లింది. అమ్మమ్మ దగ్గర కాగితం ముక్క లేదు. టీచరు, "ఈ పిల్లకు పేరు వెట్టిందెవరు?" అని అడిగింది.

"ఇంకెవరండీ, మేనత్తే కదా పెట్టాల్సింది! చివ్వెంల నుంచి బండి కట్టించుకుని వచ్చింది. తొట్లో వేసి, చెవిలో మూడుసార్లు 'యశోదా' అని పిలిచింది," అంది అమ్మమ్మ.

నాన్న పోయాక చివ్వెంల వాళ్లతో మాకు రాకపోకలు తెగిపోయాయి. "ఏ మొకం వెట్టుకొని పోతం టీచర్?" అన్నాను. "ఉన్న మొకమే వెట్టుకొని పోదాం," అంది.

మేం వెళ్లేసరికి వెంకమ్మత్త వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. పేరు చెప్పగానే నన్ను దగ్గరికి తీసుకోబోయి, మంట పుడుతుందని చేతులు వెనక్కి పెట్టుకుంది. అలాగే నా భుజం మీద తల ఆనించి ఏడ్చింది.

మర్నాడు సాక్ష్యం చెప్పడానికి మాతో కచేరీకి వచ్చింది. గుమాస్తా, "ఆడమనిషి గవాయి ఏం నడుస్తది?" అన్నాడు. అత్త అతన్ని వదిలేసి తహసీల్దారు వైపు తిరిగింది. "పరాయోళ్ల బిడ్డకు పేరు వెట్టనీకి అంత దూరం బండ్ల వోతనా దొరా? ఇది నా తమ్ముని బిడ్డ. కాదంటరా, నేను వెట్టిన పేరు నాకు మర్ల ఇప్పియ్యుండ్రి!"

తహసీల్దారు నవ్వేశాడు. అత్త వేలిముద్ర తీసుకుని, నా సర్టిఫికెట్ మీద లక్క కరిగించి ముద్ర వేయించాడు.

తిరుగు బస్సులో ఆనందం పట్టలేక, "టీచర్, మరి మీకు పేరెవరు వెట్టిన్రు?" అని అడిగాను.

"తెల్వదు బిడ్డా. కరువుల ఎవరో నన్ను మిషన్ దవాఖాన అరుగు మీద విడిచిపోయిన్రట. రిజిస్టర్ల రాసుకున్న పేరే నా పేరు. గందుకే కనవడ్డోళ్లనల్లా అడుగుత."

పెద్దామెను పేరుతో పిలవకూడదని తెలిసీ, ఆమె చెవి దగ్గరకు వంగి, "రాహేలమ్మా" అని మూడుసార్లు అన్నాను. "పిచ్చిపిల్ల," అని ఆమె కిటికీ వైపు తిరిగింది. మిర్యాలగూడ వచ్చేదాకా నా చెయ్యి వదలలేదు.

కొలువు చేసినన్నాళ్లూ, కొత్తగా బడిలో చేరిన ప్రతి పిల్ల పేరునూ రిజిస్టరులో రాసేముందు ఆ పిల్ల చెవిలో ఒకసారి పిలిచాను. ఎందుకని ఎవరూ అడగలేదు. చక్కిలిగింత పుట్టి పిల్లలు నవ్వేవారు.