చినమొగలో తప్పిన లెక్క

నా పేరు జ్ఞానప్రకాశం. రాజమహేంద్రవరం కాలేజీలో ముప్పయ్యొక్క సంవత్సరాలు గణితం చెప్పాను. కుర్రవాళ్ళు నన్ను "సగటు మాస్టారు" అనేవారు. ప్రతిదానికీ సగటు కడతానని ఆ పేరు పెట్టారనుకుని పదేళ్ళపాటు సంతోషించాను. అది నా పాఠం ఏపాటిదో చెప్పే మాట అని ఆ తరవాత గాని తెలియలేదు.

మా నాన్న అబ్రహాము కడియం దగ్గర పొలాల్లో కూలి. మిషను బడిలో పాదిరిగారు నన్ను చేరదీసి చదివించారు. మద్రాసు వెళ్ళి బి.ఏ. పరీక్ష రెండుసార్లు రాశాను. మొదటిసారి తప్పింది గణితంలోనే. ఆ సంగతి కాలేజీలో ఎవరికీ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

కాలేజీ లైబ్రరీలో జిల్లా రిపోర్టులు దుమ్ముపట్టి ఉండేవి. ఎంత వాన పడిందీ, ఎందరు పుట్టిందీ, ఎందరు పోయిందీ అన్నీ గళ్ళు గీసి అచ్చువేసిన పుస్తకాలు. ఇతరులు నవలల మీద పడ్డట్టు నేను వాటి మీద పడ్డాను. ఈ విద్యను ఇంగ్లీషులో స్టాటిస్టిక్స్ అంటారు. తెలుగులో ఏమంటారని కాబోయే మామగారు అడిగితే తడుముకుని, "జనాన్ని లెక్కపెట్టడమండి" అన్నాను.

"అది దేవుడు చూసుకుంటాడు కదా బాబూ, నీకెందుకు?" అన్నారాయన. అయినా పిల్లనిచ్చారు.

పెళ్ళి తేదీ నేనే పెడతానని పట్టుబట్టాను. పదకొండేళ్ళ వర్షాల రిజిస్టరు తిరగేసి, నవంబరులో ఒక్క ఏడూ చినుకు పడని తేదీ ఒకటి పట్టాను. ఆ రోజు పందిరి కూలేంత వాన కురిసింది. చుట్టాలు బండ్ల కింద దూరి భోజనం చేశారు. తడిసిన ముసుగులోంచి నా భార్య సంపూర్ణమ్మ నాతో అన్న మొదటిమాట, "ఇది పన్నెండో ఏడాదండి."

1889లో నా జీవితంలోకెల్లా గొప్ప పని చేశాను. అంటే, అప్పుడు అలా అనుకున్నాను. గ్రామ మునసబులు పంపే జననమరణాల లెక్కలు మూడేళ్ళవి పోగుచేసి, ఏ ఊళ్ళో వెయ్యిమందికి ఏడాదికెందరు చనిపోతున్నారో పట్టిక కట్టాను. మిగతా ఊళ్ళలో ఇరవై పైమాటే. సముద్రపు ఒడ్డున చినమొగ అనే జాలరిపల్లెలో మాత్రం నలుగురు! అక్కడ రెండువందల డెబ్బై మంది ఉంటే, మూడేళ్ళలో పోయింది ముగ్గురు.

అది సముద్రపు గాలి మహిమ అని తేల్చాను. చేపల ఆహారం కూడా తోడైందన్నాను. కాలేజీ హాలులో నూటనలభై మంది ఎదుట వ్యాసం చదివాను. ఒక దొర లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పత్రికలో పడింది. ఆ కాగితం జేబులో పెట్టుకుని రెండు వారాలు తిరిగాను. మడతలు చిరిగాక ఇంకో ప్రతి కొన్నాను.

ఆ వేసవిలో సంపూర్ణమ్మకు చలిజ్వరం పట్టి వదల్లేదు. గాలి మార్చమన్నాడు డాక్టరు. జిల్లాలో మంచి గాలి ఎక్కడుందో నాకు కాక ఇంకెవరికి తెలుసు? కాలవ పడవలో రెండు రోజులు ప్రయాణం చేసి ఆమెను చినమొగకు తీసుకువెళ్ళాను.

మాకు ఒక పాక ఇచ్చిన ఆవిడ పేరు మహాలక్ష్మమ్మ. ఎండుచేపలు అమ్ముకుని బతికే మనిషి. మొదటిరోజు సాయంత్రం ఆవిడతో ఊరిని మెచ్చుకుంటూ నా వ్యాసం సారాంశమంతా చెప్పాను.

ఆవిడ చేపలు తిరగేస్తూ విని, "ఇక్కడ చావుల్లేవని ఎవరు సెప్పేరు బాబూ?" అంది.

"రిజిస్టరులో ఉందండి. మూడేళ్ళలో ముగ్గురే."

ఆవిడ లేచి నడిచింది. మేము వెనకే వెళ్ళాము. సరుగుడు చెట్ల అవతల ఇసుకలో దిబ్బలు, వరసగా. కొన్ని బారెడు పొడవు కూడా లేవు.

"ఈ రెండూ నా బిడ్డలు. అమ్మోరొచ్చినేడు ఒకే రోజున పోయేరు," అంది. వాళ్ళు కలరాను కూడా అమ్మోరనే అంటారు.

"మరి మునసబుగారికి చెప్పలేదా?"

"మునసబుగారు ఏటికవతల, ఆరు మైళ్ళు. బిడ్డని పూడ్చి, పడవేసుకుని ఎల్లి సెప్పాలా? ఎల్లినోళ్ళు ముగ్గురు. ఆ ముగ్గుర్నీ రాసుకున్నారు."

నేను లెక్కపెట్టింది చావులను కాదు, ఏరు దాటే ఓపికను. నూటనలభై మంది చేత దానికి చప్పట్లు కొట్టించుకున్నాను. పైగా, జ్వరంతో ఉన్న నా భార్యను ఆ గాలికే తెచ్చిపెట్టాను.

మర్నాడు పొద్దున్నే నోటుపుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. "మీ ఇంట్లో మూడేళ్ళలో ఎంతమంది చనిపోయారండి?" అని అడిగాను. పదమూడు ఇళ్ళలో ఒకటే జవాబు, "ఎవరూ లేరు బాబూ." దిబ్బలు కళ్ళెదుట ఉన్నాయి, చచ్చినవాళ్ళు మాత్రం లేరు. పాకకు తిరిగివచ్చి, వీళ్ళు నిజం చెప్పరని విసుక్కున్నాను.

సంపూర్ణమ్మ మంచంమీద లేచి కూర్చుంది. "పొద్దున్నే గుమ్మంలోకొచ్చి మీ ఇంట్లో ఎవరు చచ్చారని అడిగితే ఎవరు చెప్తారండి? నన్ను తీసుకెళ్ళండి."

దుప్పటి కప్పుకుని వచ్చి, మళ్ళీ మొదటి ఇంటి అరుగుమీద కూర్చుంది. మంచినీళ్ళడిగింది. తరవాత, "ఎంతమందిని కన్నావమ్మా?" అంది.

"ఆరుగుర్నమ్మా."

"పెద్దాడేం చేస్తాడు?"

"వలకెల్లేడు."

"రెండోది?"

ఆ తల్లి చేతిలో చెంబు కింద పెట్టింది. తరవాత చెప్పడం మొదలుపెట్టింది. ఆ ఒక్క ఇంట్లోనే పోయినవాళ్ళు ముగ్గురు. నేను గోడవారగా నిలబడి రాసుకున్నాను. మూడేళ్ళు మద్రాసులో చదివినవాణ్ణి, ప్రశ్న అడగడం అప్పుడు నేర్చుకున్నాను.

మహాలక్ష్మమ్మ మరో పని చేసింది. ఒక్కరూ మిగలకుండా తుడిచిపెట్టుకుపోయిన రెండిళ్ళ ముందు నిలబడి, ఎవరూ అడగకుండానే, ఆ పేర్లన్నీ తనే చెప్పింది. నాలుగు రోజుల్లో నలభయ్యొక్క పేర్లు తేలాయి. వెయ్యికి యాభై. కాలవ ఎండితే వాళ్ళు తాగేది పశువులు దిగే గుంటలో నీళ్ళు. గాలి మంచిదే. అది ఎవరి ప్రాణమూ నిలబెట్టలేదు, అంతే. సంపూర్ణమ్మ జ్వరం కూడా రాజమహేంద్రవరం వచ్చాక క్వినైనుతోనే తగ్గింది.

తిరిగివచ్చి, అదే హాలులో "నా వ్యాసం తప్పు" అనే వ్యాసం చదువుతానన్నాను.

"పొరపాటును నెమ్మదిగా సర్దుకోవచ్చు కదా," అన్నారు ప్రిన్సిపాలు దొరగారు.

సర్దుకోలేదు. ధైర్యమని చెప్పుకోవచ్చు గాని, చదవకపోతే ఇంట్లో సంపూర్ణమ్మ మొహం చూడలేనన్నది అసలు సంగతి. ఈసారి తొమ్మిదిమంది వచ్చారు, అందులో ఇద్దరు వాన పడుతోందని లోపలికి వచ్చినవాళ్ళు. పత్రిక వేయలేదు. సర్కారు లెక్కలను తప్పుపట్టే అధికారం నీకెవరిచ్చారని కలెక్టరు కచ్చేరీ నుంచి ఉత్తరం వచ్చింది. అప్పటికి ట్యూటరుగా ఉన్న నాకు రావలసిన లెక్చరరు ఉద్యోగం ఏడేళ్ళు ఆగింది.

మూడేళ్ళకు చినమొగలో నుయ్యి తవ్వారు. అది నా పట్టికల చలవ అని కాలేజీలో రెండు రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాను. తీరా చూస్తే, బాతుల వేటకు వెళ్ళిన ఒక దొర ఆ గుంటలో నీళ్ళు తాగి వారంరోజులు మంచం పట్టాడట.

ఆ తరవాత గోదావరి పుష్కరాలొచ్చాయి. మహాలక్ష్మమ్మ పదిహేనుమందిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"నా బిడ్డల పేర్లు నాకు గుర్తే బాబూ. ఆ రెండిళ్ళవాళ్ళవీ కొన్ని మర్సిపోయేను. నీ పుస్తకంలో ఉన్నాయి కదా, రేవుకాడ సదివి పెట్టు. ఆళ్ళకి పిండం పెట్టేవోళ్ళు లేరు."

నోటుపుస్తకం తీసుకుని రేవుకు వెళ్ళాను. మోకాళ్ళలోతు నీళ్ళలో, బూట్లు విప్పడం కూడా మరిచి నిలబడి ఒక్కొక్క పేరే చదివాను. పురోహితుడు వెనకే పలికాడు, వాళ్ళు పిండం వదిలారు. అందరివీ అయ్యాక ఆయన నన్ను చూసి, "మీ గోత్రమండి?" అన్నాడు. మహాలక్ష్మమ్మ అందుకుని, "ఆయన మాస్టారండి," అని చెప్పింది. ఆయనకు అది చాలింది.

పాదిరిగారికి చాలలేదు. ఆదివారం గుడి బయట మమ్మల్ని ఆపారు. "ఏంటి జ్ఞానప్రకాశం, పుష్కరాల్లో పిండాలు పెట్టించావట?"

సంపూర్ణమ్మ ముందుకు వచ్చింది. "పిండాలు కాదండి, హాజరు పిలిచారు. ఆయనకొచ్చింది అదొక్కటే కదండీ."

పాదిరిగారు నవ్వు ఆపుకోలేకపోయారు. అయినా రెండు నెలలు గుడిలో వాక్యం చదవడానికి నన్ను పిలవలేదు.

మరుసటేడు లెక్చరరునయ్యాను. ఆ పదవిలో చెప్పుకోదగ్గది ఏదీ చేయలేదు. జనాభా లెక్కలకు వెళ్ళే గుమాస్తాలకు మాత్రం సంపూర్ణమ్మ ప్రశ్న నేర్పాను. నా పేరుతోనే నేర్పాను. అది తెలిసి సంపూర్ణమ్మ ఒక పూట నాతో మాట్లాడలేదు.

మహాలక్ష్మమ్మ 1902లో పోయింది. కబురు తెలిసి చినమొగ వెళ్ళాను. వస్తూ వస్తూ ఏరు దాటి మునసబు ఇంటికి పోయి రిజిస్టరు చూపించమన్నాను. ఎవరో ఏరు దాటి వచ్చి చెప్పారు; ఆవిడ పేరు ఉంది, తేదీ సరిగ్గా ఉంది. వయస్సు గడిలో అరవై అని వేశాడు. అంత ఉండవు. ఆ మాట అనబోయి ఊరుకుని, పడవ ఎక్కాను.