సంతలో పిస్తోలు పిడి

నా చిన్నప్పుడు మా కొండల్లో జనం రెండు రకాల మనుషులకు భయపడేవారు. ఒకరు జీపుల్లో వచ్చే పోలీసులు, ఇంకొకరు అడవిలోంచి నడిచి వచ్చే అన్నలు. వీళ్ళకి మంచినీళ్ళిస్తే వాళ్ళకి కోపం, వాళ్ళకి అన్నం పెడితే వీళ్ళకి కోపం. మా పక్క ఊళ్ళో ఒకాయన్ని పోలీసులకు కబుర్లు మోస్తున్నాడని అన్నలు పట్టుకెళ్ళారు. ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు. నాకప్పుడు పదేళ్ళు. అవన్నీ పెద్దవాళ్ళ గొడవలనుకునేదాన్ని.

మా తాతయ్యది మంచి చేతిపని. వయసులో ఉండగా టైడా వైపు రైలు లైను వేస్తుంటే ఫిట్టర్ల దగ్గర కూలికి పోయి, ఆకురాయి పట్టడం నేర్చుకుని వచ్చాడు. వారం వారం సంతలో గోనెపట్టా పరుచుకుని గొడుగులు, టార్చిలైట్లు, రేడియోలు బాగుచేసేవాడు. ఆయన చెయ్యి పడితే పని జరిగి తీరుతుందని చుట్టుపక్కల అందరికీ నమ్మకం.

ఒక మధ్యాహ్నం పోలీసు ఎస్సై మా ఇంటికి వచ్చాడు. జీపు ఎక్కడో ఆపి, మామూలు చొక్కా వేసుకుని, తువ్వాల్లో ఏదో చుట్టుకుని ఒక్కడే నడిచి వచ్చాడు. విప్పితే పిస్తోలు. దాని పిడికి ఒక పక్కన బిగించే నల్లటి ప్లాస్టిక్ పలక రాళ్ళ మీద పడి మూడు ముక్కలైంది. పైవాళ్ళకు తెలిస్తే సంజాయిషీ రాయాల్సి వస్తుందట. అందుకని అలాంటి పలకే ఒకటి చేసి, ఇక్కడే, ఎవరికీ తెలియకుండా బిగించాలన్నాడు. మూడోరోజు వస్తానని చెప్పి పిస్తోలు మళ్ళీ తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు. తాతయ్య అవుననలేదు, కాదనలేదు. కాదంటే అన్నల మనిషివని స్టేషనుకు ఈడ్చుకుపోయే రోజులవి.

మర్నాడు ఊట దగ్గర బిందె నింపుకుంటూ నేను ఊరుకున్నానా? మా ఇంటికి ఎస్సై వచ్చాడని, పిస్తోలు ఇంత దగ్గరగా చూశానని ఆడపిల్లలందరికీ చెప్పేశాను. వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి వింటుంటే నాకు ఎంత గొప్పగా అనిపించిందో! సాయంత్రానికి మా నాయనమ్మ కట్టెలు నేల మీద పడేసి గుమ్మంలో కూలబడింది. దారిలో అన్నల తాలూకు కుర్రాడెవరో ఆపి, నవ్వుతూనే, "పోలీసోలు మీ ఇంటికొత్తన్నారంట గదా మామ్మా?" అని అడిగాడట. మాట ఎలా బయటికి పోయిందని ఆమె నెత్తి కొట్టుకుని ఏడుస్తుంటే, నేను చోళ్ళ గాదె వెనక నక్కాను. తాతయ్య ఒక్కసారి నా వైపు చూశాడు. ఈత బరికె విరిగేదాకా కొడతాడనుకున్నాను. ఆయన మాత్రం చుట్ట వెలిగించుకున్నాడు.

చెప్పిన ప్రకారం ఎస్సై మూడోరోజు వచ్చాడు. తాతయ్య వాకిట్లోనే నిలబడి, లోపలికి రమ్మనకుండా, చేతులు కట్టుకుని చెప్పాడు. "ఇక్కడ సామాను లేదు బాబూ. రేపు సంతలో నా గోనె కాడికి రండి. బేగి సేసిచ్చేత్తాను." ఎస్సై ముఖం కందగడ్డలా అయింది. నలుగురిలో ఎలా తీయమంటావని గట్టిగానే కేకలేశాడు. తాతయ్య అదే మాట మళ్ళీ మెల్లగా చెప్పాడు. ఇక ఈడ్చుకుపోతాడనే అనుకున్నాను. కానీ ఆ కొండల్లో ఆ పని వచ్చిన మనిషి ఇంకొకడు లేడు. ఎస్సై తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

సంతకి తాతయ్య నన్నూ, నాయనమ్మనూ వెంటబెట్టుకెళ్ళాడు. మంచి ఎండవేళ ఎస్సై ఇద్దరు కానిస్టేబుళ్ళతో వచ్చి నిలబడ్డాడు. ఎండుచేపల దగ్గర బేరాలు ఆగిపోయాయి. తాతయ్య తల ఎత్తి, "ఈ అమ్మ ముందొచ్చింది బాబూ, రెండు పుల్లలే," అని గొడుగు తెచ్చిన ముసలామెను చూపించాడు. గొడుగు పని అయ్యేదాకా ఎస్సై ఎండలో నిలబడ్డాడు. జనం మా చుట్టూ మూగారు. నాయనమ్మ గోళ్ళు నా చేతిలో దిగబడ్డాయి. ఆమె చూపు వెంట చూస్తే, దారిలో తనను ఆపిన కుర్రాడు ఆ గుంపులోనే ఉన్నాడని అర్థమైంది.

"గుళ్ళు తీసి మీ కాడే ఎట్టుకోండి బాబూ," అన్నాడు తాతయ్య, అందరికీ వినబడేలా. ఎస్సై అవి తీసి కానిస్టేబుల్ చేతికిచ్చి, పిస్తోలు గోనె మీద పెట్టాడు. పగిలిన ముక్కలు నేను కలిపి పట్టుకుంటే, తాతయ్య పాత లారీ బ్యాటరీ డబ్బా ముక్క మీద వాటి అంచు వెంట గీత గీసి, కోసి, ఆకురాయితో అరగదీయడం మొదలుపెట్టాడు. మొదటిసారి స్క్రూ కన్నం కలవలేదు. మళ్ళీ ఊడదీసి సరిచేశాడు. అంతలో ఎస్సై వంగి తాతయ్య చెవిలో ఏదో అన్నాడు. కుర్రాడు ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఏటి బాబూ? నాకు సెవుడు. గట్టిగా సెప్పండి!" అని అరిచాడు తాతయ్య.

మా తాతయ్యకు చీమ నడిచినా వినబడుతుంది. ఎస్సై పళ్ళు కొరుక్కుంటూ, "త్వరగా కానీమంటున్నా!" అని అరవాల్సి వచ్చింది. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. పలక బిగిసింది. ఎస్సై పిస్తోలు తీసుకుని వెనక్కి చూడకుండా జీపెక్కాడు.

అప్పుడు ఆ కుర్రాడు వచ్చి గోనె ముందు కూర్చున్నాడు. "ఏటన్నాడు నీతోటి?" అన్నాడు నెమ్మదిగా.

"నన్నెందుకు బాబూ అడుగుతావు? ఈలందర్నీ అడుగు," అన్నాడు తాతయ్య. గొడుగు ముసలామె ఇంకా కదల్లేదు. నడుం మీద చేతులు పెట్టుకుని మొదలుపెట్టింది. "ఏటంటాడు? నా గొడుగయ్యేదాకా ఎండలో నిలబడ్డాడు. బేగి సెయ్యమని గుర్రుమన్నాడు. ఈ ముసలోడికా, సెవుడంట!" నాలుగు పక్కల నుంచీ నలుగురు అందుకున్నారు. కుర్రాడు అందరి ముఖాలూ చూశాడు. పెదవి చివర నవ్వు దాచుకుని లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు.

తిరుగుదారిలో నాయనమ్మ ముందు నడుస్తుంటే తాతయ్య ఒక రాయి మీద కూర్చుండిపోయాడు. చుట్ట వెలిగించుకోబోతే అగ్గిపుల్లలు ఒకదాని తర్వాత ఒకటి విరిగిపోతున్నాయి. అంత సేపూ ఆయన ఎంత భయపడ్డాడో నాకు అప్పుడు తెలిసింది. నేనే చెప్పానని బావురుమన్నాను. "తెలుసే అమ్మీ," అన్నాడు. "నువ్వు సగం సెప్పేవు. సగం మాటకి జనం మిగతాది అల్లీసుకుంటారు. అందుకే ఇయ్యాల మొత్తం సూపించీసేను. ఏడవకు."

ఇప్పుడు నేను ఆశ్రమ పాఠశాలలో టీచర్ని. అనుమానం వచ్చే పని ఏదైనా గది తలుపులు తెరిచే చేస్తాను. అది ఆ సంతలో నేర్చుకున్నదే. కానీ నాకు ఇంకా ఎక్కువగా గుర్తుకొచ్చేది మరొకటి. కబురు మోసింది నేనేనని నాయనమ్మకు తను చనిపోయేదాకా తెలియలేదు. పిస్తోలునీ, పోలీసునీ, తన ప్రాణాన్నీ నడిసంతలో పెట్టిన మా తాతయ్య, నా తప్పును మాత్రం ఎవరికీ చూపించలేదు.