శుక్రవారం పేజీలో గీత

మీటరు ముల్లు ఎక్కడ ఆగిందో చూసి, అదే కాగితం మీద రాయడం నా ఉద్యోగం. ముప్ఫై మూడేళ్ళు అదే చేశాను. దయ్యం, పూనకం, చేతబడి మాటలు ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాణ్ణి. ఇది రాస్తున్న ఈ పూట కూడా నాకు వాటి మీద నమ్మకం లేదు. పోయింది నా మీద నాకున్న నమ్మకం.

కొండల్లోని ఒక జలవిద్యుత్ కేంద్రంలో షిఫ్టు ఇన్‌ఛార్జిగా రిటైరయ్యాను. దాని పేరు ఇక్కడ అనవసరం. మైదానంలో ఎండ పడక, అరకులో రెండు గదుల ఇల్లు కట్టుకుని నేనూ మా ఆవిడ వరాలూ ఉంటున్నాం. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ డైరీ రాస్తున్నాను. రోజుకొక పేజీ. ఒక్క పేజీ కూడా ఖాళీగా వదల్లేదు.

ఆమధ్య నాకు గుండెదడ మొదలైంది. నలుగురిలో కూర్చుంటే చేతులు వణికేవి, చెమట పట్టేది. విశాఖపట్నంలో డాక్టరు పరీక్షలన్నీ చేయించి, గుండెలో లోపం లేదు, ఇది ఆందోళన అన్నారు. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి చిన్న మాత్ర రాశారు. బీటా బ్లాకర్ అంటారట. నాడి కొంత నెమ్మదిస్తుందనీ, అది మామూలేననీ చెప్పారు. యాభైకి దిగినా, తల తిరిగినా ఫోను చేయమన్నారు. నా అంతట నేను ఒక్కసారిగా మానకూడదని కూడా అన్నారు.

వణుకు తగ్గింది. కానీ ‘యాభై’ అన్న మాట నాలో దిగబడిపోయింది. రోజూ ఉదయం ఐదున్నరకి, కాఫీకి ముందు, మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి, వాచీ చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టి డైరీలో రాసేవాణ్ణి. డెబ్భై ఆరు. అరవై ఆరు. యాభై ఎనిమిది. ఆందోళనకి వేసుకున్న మాత్రే నాకు కొత్త ఆందోళన తెచ్చిపెట్టింది.

ఒక మంగళవారం యాభై రెండు వచ్చింది. రాశాను. రిబ్బను తర్వాతి పేజీలోకి జరపడం నా అలవాటు. పేజీ తిప్పాను. బుధవారం పేజీ మీద ‘5.30 – 51’ అని ఉంది. నా రాతే. నా నల్ల సిరాయే. గురువారం పేజీలో ‘5.30 – 49’. శుక్రవారం పేజీలో ‘5.30’ పక్కన అంకె లేదు. అడ్డంగా ఒక గీత. ఆ తర్వాత పేజీలన్నీ ఖాళీ.

ముందు మా ఆవిణ్ణి అడిగాను.

“ఏటి, నేను రాసేనంటారా?” అని నా ముందు చెయ్యి ఊపింది. “నా రాత కోడి కెలికినట్టుంటాదని నలుగురిలో నవ్వేది మీరే. ఇప్పుడు నేను మీలాగ ముత్యాలు పేర్సేనా?”

పరధ్యానంలో నేనే రాసుకుని ఉంటాననుకున్నాను. అయినా పరీక్షించాలనిపించింది. ఆమె ఆ పేజీలు చూడలేదు, అంకెలు నేను చెప్పలేదు. బుధవారం ఉదయం నా మణికట్టు ఆమెకిచ్చి, గడియారం చూసి లెక్కపెట్టమన్నాను. పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది.

“యాభై ఒకటి” అంది.

మా ఉద్యోగంలో గీతకి ఒకటే అర్థం. గంటగంటకీ లాగ్‌షీటులో రీడింగులు రాస్తాం. మెషిను ఆగిపోతే ఆ గడిలో గీత పెడతాం.

అప్పుడు నాకు తవిటినాయుడు గుర్తొచ్చాడు. నిజానికి గుర్తు రాకుండా చాలా ఏళ్ళు జాగ్రత్తపడ్డాను. నా షిఫ్టులో ఆపరేటరు. ఇద్దరం ఒకే క్యారియరులో అన్నం తినేవాళ్ళం. నన్ను బావా అని పిలిచేవాడు. ఒక మధ్యాహ్నం మూడింటికి అతని షీటు చూస్తే నాలుగు, ఐదు, ఆరు గంటల గడులు అప్పటికే నింపి ఉన్నాయి. చూడకుండా ముందే రాసేయడం మా దగ్గర పెద్ద తప్పు. బద్ధకస్తులు చేసే పని అది.

“నాను రాయలేదు బావా. సెయ్యి రాసేసింది” అన్నాడు.

నేను నవ్వాను. షిఫ్టు అయ్యాక రిపోర్టు రాసి, షీటు పైఅధికారికి పంపాను. అతని సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరా పడింది, దూరానికి బదిలీ అయింది. వెళ్ళే రోజు నన్ను సార్ అన్నాడు.

అతను రాసిన నాలుగు, ఐదు గంటల రీడింగులు సరిగ్గా సరిపోయాయి. అవి మెషిను బేరింగు ఎంత వేడెక్కిందో చెప్పే అంకెలు, గంటలో పెద్దగా మారవు, ఎవరైనా ఊహించవచ్చు. కానీ ఆరు గంటల గడిలో అతను గీత పెట్టాడు. ఆరింటికి పది నిమిషాల ముందు, ఎక్కడో లైను మీద పిడుగు పడి మెషిను ఆగిపోయింది. ఆ సంగతి నేను రిపోర్టులో రాయలేదు.

పాత డైరీ తీసి చూశాను. ‘తవిటినాయుడు రీడింగులు ముందుగా నింపినాడు. రిపోర్టు చేసితిని’ అని ఉంది. అందులోనూ గీత మాట లేదు. అబద్ధం లేదని నేను గర్వపడే డైరీ అది.

పాత స్నేహితుడొకణ్ణి అడిగి నంబరు సంపాదించి, బుధవారం సాయంత్రం ఫోను చేశాను. తవిటినాయుడు కురుపాం దగ్గర వ్యవసాయం చేసుకుంటున్నాడు. సంగతంతా చెప్పాను.

“ఆ గీతకి అర్థమేమిటి తవిటీ?” అన్నాను.

“నాకేటి తెలుసు సార్? ఆ దినమే సెప్పినాను గదా, మీరు ఇన్లేదు.” తర్వాత నవ్వాడు. “మరి ఇప్పుడు మీ మీద ఎవులు రిపోర్టు రాత్తారు?”

అతనే మళ్ళీ అన్నాడు: “గీత కోసరం కూకోకండి. బేగి డాక్టరు కాడికి ఎల్లండి.”

గురువారం వరాలు లెక్కపెడితే నలభై తొమ్మిది. నాడి చూడటానికి వేలికి తగిలించే క్లిప్పు కూడా అదే చూపించింది. మంచం దిగుతుంటే కళ్ళు తిరిగాయి. ఫోను చేస్తే డాక్టరు వెంటనే విశాఖపట్నం రమ్మన్నారు. టైడా మీదుగా ఘాటు దిగుతున్నంతసేపూ మా ఆవిడ నా మణికట్టు వదల్లేదు. ఆసుపత్రిలో ఒక రోజు ఉంచి చూస్తామన్నారు.

శుక్రవారం ఐదున్నరకి నాకు మెలకువగానే ఉంది. వాచీ తీసి వరాలుకి ఇచ్చేశారు. ఒంటికి వైర్లు తగిలించి ఉన్నాయి, నాడి చూపించే మెషిను తెర నాకు కనబడకుండా అటు తిప్పి ఉంది. వేళ్ళు మణికట్టు మీదకి పోనిస్తుంటే నర్సు చూసింది.

“మీరు లెక్కెట్టకండి తాతగారూ. అందుకే మీకు దడ. అది మా పని” అని చెయ్యి తీసి దుప్పటిలో పెట్టింది.

అంకె ఎంతో చెప్పలేదు. ఆ రోజు ఐదున్నరకి నా డైరీలోకి రీడింగు రాలేదు. గీత గీతగానే ఉండిపోయింది.

డాక్టరు మాత్ర మోతాదు సగానికి తగ్గించారు. ఇప్పుడు నాడి అరవై దాటి ఉంటోంది. డైరీ చూపిస్తే ఆయన ఓపిగ్గా చూశారు. నిద్రమత్తులో రాసి మరిచిపోయి ఉంటారు, ఆందోళనలో అలా జరగవచ్చు అన్నారు. కావచ్చు. కానీ నిద్రమత్తులో ఉన్న మనిషికి మర్నాడు తన భార్య ఎంత లెక్కపెడుతుందో ఎలా తెలుస్తుంది?

ఇంటికొచ్చాక శుక్రవారం పేజీ తెరిచి, గీత కింద ఇలా రాశాను: ‘ఆ రోజు తవిటినాయుడు మూడింటికే ఆరు గంటల గడిలో గీత పెట్టాడు. మెషిను ఆరింటిలోపు ఆగింది. నాకు తెలిసీ రిపోర్టులో రాయలేదు.’ సంతకం పెట్టాను. ఫోను చేసి అతనికి చదివి వినిపించాను.

విన్నాడు. బాగుందనీ అనలేదు, క్షమించాననీ అనలేదు.

“ఇది ఎవులు రాసినారు సార్?” అని అడిగాడు. “మీరా, మీ సెయ్యా?”

నేనే అందామని పేజీ కేసి చూశాను. పైన గీత, కింద నా మాటలు. అదే సిరా, అదే వాలు. ఏది నేను తెలిసి రాసిందో, ఏది తెలియకుండా రాసిందో చూపించే తేడా ఒక్కటీ లేదు. అతనికి ఇంతవరకూ జవాబు చెప్పలేదు.