ఎండకు పగిలిన పాదం

బూట్ల మేస్త్రీకి మనుషుల ముఖాలు గుర్తుండవు. బజార్లో ఎవరైనా ఎదురుపడి పలకరిస్తే ఆయన చూపు ముందు కిందికి దిగుతుంది. కాళ్ళు చూశాక గానీ నోరు పెగలదు. "ఓ, మీరా! ఎడం మడమ నొప్పి తగ్గిందా?" అంటాడు. ఎన్నాళ్ళ నుంచో తెలిసినవాళ్ళు కూడా ముందు కొంచెం నొచ్చుకుని, తర్వాత నవ్వేసి, మడమ సంగతి చెప్పి వెళ్తారు.

కొట్లో దొరికే జోళ్ళు పట్టని కాళ్ళు కొన్ని ఉంటాయి. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. బొటనవేలి పక్కన ఎముక పొడుచుకొచ్చినవి కొన్ని, చిన్నప్పటి జబ్బుతో లోపలికి తిరిగినవి కొన్ని. ఆ కాళ్ళవాళ్ళంతా ఊరంతా తిరిగి తిరిగి చివరికి ఈయన దగ్గర తేలతారు. మేస్త్రీ ఒక్కొక్కరికీ కొలత తీసి, అచ్చం వాళ్ళ పాదాల్లాంటి జత చెక్కతో చెక్కి, దాని మీద తోలు లాగి బూటు కుడతాడు. కాలు మారితే చెక్క పాదమూ మారాలి కదా. వేలు వంకర తిరిగితే అక్కడో చిన్న తోలుముక్క అంటిస్తాడు. పాదం వెడల్పయితే పక్కన ఇంకో ముక్క. అలా ఏళ్ళు గడిచేకొద్దీ చెక్క పాదాలు కూడా మనుషులతో పాటే ముసలివవుతాయి.

ముందుగది గోడలనిండా అవే. మొదటిసారి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే దడుచుకుంటారు. "భయపడకండి. మా ఇంట్లో కాలుపెట్టినవాళ్ళంతా ఆ కాలు ఇక్కడే వదిలేసి పోయారు, అంతే" అంటుంది మేస్త్రీ భార్య. ఆ గదిని తుడిచేది ఆవిడే.

ఈమధ్య మేస్త్రీ కొత్త పాదాలు చెక్కడం మానేశాడు. కుడిచేయి వణుకుతోంది. సూదికి లొంగుతుంది, ఆకురాయికి లొంగుతుంది, ఉలి పట్టుకుంటే మాత్రం మాట వినదు. అందుకే ఉన్నవాటిని కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నాడు. అవి పోతే ఆ కాళ్ళకి మళ్ళీ బూట్లు ఉండవు.

అన్నిటికన్నా ఎత్తున, మేకుకి, ఒక చిన్న జత వేలాడుతూ ఉండేది. పెళ్ళయిన కొత్తలో భార్యకోసం చెక్కింది. సొంతంగా చెక్కిన మొదటి జత. దానిమీద కుట్టిన బూట్లు ఆవిడ అరిగిపోయేదాకా తొడుక్కుంది. ఆ తర్వాత "ఇంట్లో తిరిగేదానికి బూట్లెందుకండీ" అంది. ఈయన "సరే" అన్నాడు. భార్యల మాటకి "సరే" అనాల్సిన చోట్లు వంద ఉన్నాయి, ఇది మాత్రం కాదు. కానీ ఆ ముక్క ఆయనకి చెప్పేవాళ్ళెవరు?

తుఫాను వస్తోందని, పల్లపు వీధులవాళ్ళంతా బడి మేడమీదికి వెళ్ళిపోవాలని మైకులో చెప్పారు. భార్య బియ్యం, దుప్పట్లు, గ్యాస్ పొయ్యి చూసుకుంటుంటే మేస్త్రీ చెక్క పాదాలన్నీ గోనెసంచుల్లో నింపి అటక మీదికి ఎక్కిస్తున్నాడు.

"ఏవండీ, ఇంటెడు సామాను కిందే ఉంది. ఊళ్ళోవాళ్ళ కాళ్ళు తర్వాత మోద్దురు గానీ, ఈ కుట్టుమిషను ఒక చెయ్యి పట్టండి."

"మిషను మళ్ళీ కొనుక్కోవచ్చే. ఇవి ఎక్కడ కొంటావు?"

ఆవిడ ముఖం మాడ్చుకుంది. మిషను కిందే ఉండిపోయింది. ఆవిడ దుప్పట్లు మాత్రం రేకుపెట్టెలో పెట్టి బీరువా నెత్తిన ఎక్కించింది.

నీళ్ళు తగ్గాక బడి మేడ దిగి ఇంటికొచ్చి చూస్తే అటక మీద ఒక్క సంచీ లేదు. సంచుల బరువుకి అటక పలక విరిగింది. సంచులు నీళ్ళలో పడ్డాయి, మూతులు ఊడాయి. చెక్క కదా, మునగలేదు. తేలింది. తేలి, విరిగిన తలుపులోంచి వీధిలోకి పోయింది. కాళ్ళు కదా, ఉన్నచోట ఉంటాయా! ఇంట్లో మిగిలినవి సగమైనా లేవు. మేకుకున్న చిన్న జత మాత్రం నీటిమట్టానికి పైన, ఎప్పట్లాగే వేలాడుతోంది.

పొద్దున్నుంచీ వీధంతా అదే మాట. "మేస్త్రీగారూ, మీ కాలొకటి మా స్నానాలగదిలో ఉంది!" "బాబాయ్, మా మెట్ల కింద రెండున్నాయి, రెండూ ఎడమవే!" ఇళ్ళల్లోంచి బురద ఎత్తిపోసుకుంటూ ఏడవలేక ఉన్న జనానికి అదొక్కటే నవ్వు దొరికింది. మేస్త్రీ కాలికి బలపం కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఏరుకుంటున్నాడు. భార్య ఇంట్లో ఒక్కతే పారతో బురద తోస్తోంది. పలుగురాళ్ళూ గాజుపెంకులూ కలిసిన బురద. ఆవిడ రబ్బరు చెప్పులు వరదలో ఎటో పోయాయి.

ఆ మధ్యాహ్నమే లెక్కల టీచరమ్మ గోడలు పట్టుకుంటూ వచ్చింది. కుడికాలు చిన్నప్పుడే చిక్కిపోయి లోపలికి తిరిగింది. మేస్త్రీ కుట్టిన బూటుంటేనే ఆవిడకి నడక. ఆ బూట్లు బురదలో కూరుకుపోయి పోయాయి.

"సోమవారం బడి తెరుస్తున్నారు మేస్త్రీగారూ. ఇంట్లోనైతే గోడ పట్టుకుని నడుస్తాను. బడిదాకా గోడ ఉండదు కదా" అని నవ్వబోయింది, నవ్వు రాలేదు. "రాలేకపోతే నా క్లాసు వేరేవాళ్ళకి ఇస్తామన్నారు. ఒకసారి ఇచ్చాక మళ్ళీ నాకెందుకిస్తారు?"

"మీ కాళ్ళు నా దగ్గరుండగా మీకెందుకమ్మా దిగులు? సోమవారం బూట్లేసుకుని బడికెళ్తారు" అన్నాడు మేస్త్రీ. ఎడమది దొరికింది. కుడిది ఇంకా దొరకలేదు.

సాయంత్రందాకా వెతికాడు. కాఫీకొట్టు వెనక, పడిపోయిన కట్టెల కింద, బోర్లా పడుకుని దొరికింది. లోపలికి తిరిగిన ఆ చిన్న పాదాన్ని చూసి, తప్పిపోయిన పిల్ల దొరికినట్టు చొక్కాతో తుడిచి గుండెకి హత్తుకున్నాడు. ఇంటికొచ్చి భార్య చేతిలో పెట్టి, "ఇది టీచరమ్మది. జాగ్రత్త" అని, చెప్పులు కుట్టే దారం, తోలు ఏమైనా దొరుకుతాయేమోనని మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళాడు.

ఆవిడ జాగ్రత్తగానే చూసింది. వర్షం వెలిసి మంచి ఎండ కాస్తోంది. నానిపోయిన పరుపులు, బట్టలు, గిన్నెలు అందరూ డాబాలమీద ఆరేస్తున్నారు. ఆవిడ కూడా ఒక్కొక్క పాదాన్నీ మంచినీళ్ళతో కడిగి, ఎడమా కుడీ జత కుదిర్చి, డాబామీద వరసగా ఆరబెట్టింది. టీచరమ్మది ప్రత్యేకం కదా, అన్నిటికన్నా ఎండ బాగా తగిలేచోట, వేడెక్కిన రేకు మీద పెట్టింది. ఆయన వచ్చి చూసి మెచ్చుకుంటాడనుకుంది.

నానిన చెక్కకి ఎండంత శత్రువు లేదు. పైన ఆరుతుంది, లోపల తడి అలాగే ఉంటుంది, చెక్క తనని తానే చీల్చుకుంటుంది. దొరికిన దారం, తోలు పట్టుకుని మేస్త్రీ డాబా ఎక్కేసరికి టీచరమ్మ కుడిపాదం వేళ్ళ నుంచి మడమదాకా నిలువునా పగిలి ఉంది. మిగతావాటిలో కొన్నిటికి సన్నగీతలు పడుతున్నాయి.

"నా పనిలో వేలు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను నీకు!" అని అరిచాడు. "వరద చెయ్యని పని నువ్వు చేశావు!"

పక్క డాబాలవాళ్ళు తలలు తిప్పుకున్నారు. ఆవిడ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆవిడ దగ్గర అనడానికి చాలా మాటలున్నాయి, కుట్టుమిషనుతో మొదలుపెట్టి. ఆ చెక్క పాదాలన్నిటినీ కొంగులో వేసుకుని నీడలోకి చేర్చింది. బీరువా నెత్తిన ఉన్న రేకుపెట్టె దింపింది. ఆ ఇంట్లో పొడిగా మిగిలిన గుడ్డలు ఆ దుప్పట్లే. వాటిని చర్రున చింపి ఆయన ముందు పడేసింది.

"ఎలా చుట్టాలో చెప్పండి."

మేస్త్రీ గొంతు తగ్గించి చెప్పాడు. ముందు దారానికి రాసే మైనం వేళ్ళ కొసలకీ మడమకీ పట్టించాలి. గుడ్డ చుట్టి గాలి ఆడే నీడలో పెట్టాలి. గుడ్డ తడిస్తే మార్చాలి. ఇద్దరూ కూర్చుని ఒకటి తర్వాత ఒకటి చుట్టారు. చంటిపిల్లల్లా గుడ్డల్లో చుట్టిన పాదాలతో వంటిల్లు నిండిపోయింది. అవి బతుకుతాయి. టీచరమ్మది మాత్రం బతకదు.

"ఇంకోటి చెక్కలేరా?" అంది ఆవిడ.

మేస్త్రీ కుడిచేయి ముందుకు చాచి చూపించాడు. అది వణుకుతూనే ఉంది.

"పోనీ, వేరే ఎవరిదైనా అరగదీసి?"

"అంత చిన్న పాదం ఎవరికుంది? ఎండి, గట్టిపడిన చెక్కని అంత తగ్గించడం ఉలి పని. చిన్నదాన్ని పెంచడమైతే సులువు. తోలు అంటించి ఆకురాయితో రుద్దుకోవచ్చు. తప్పు జరిగితే పీకి మళ్ళీ అంటించుకోవచ్చు. కానీ ఆవిడకన్నా చిన్న పాదం..."

మాట మధ్యలో ఆపేశాడు. చూపు మేకువైపు పోతుంటే బలవంతంగా తిప్పుకున్నాడు. భార్య చూసింది. స్టూలు వేసుకుని ఎక్కి ఆ జత దింపి, కుడిది ఆయన ఒళ్ళో పెట్టింది.

"వద్దే. అది నీది."

"నాది కాదండీ. అది పెళ్ళయిన కొత్తలో ఈ ఇంటికొచ్చిన పిల్లది. ఆ పిల్లకి ఇప్పుడు బూట్లేం అక్కర్లేదు. టీచరమ్మకి కావాలి."

మేస్త్రీ టీచరమ్మని పిలిపించి, ఆవిడ కుడికాలిని పక్కన పెట్టుకుని, చిన్న చెక్క పాదం మీద తోలు ముక్కలు పేర్చడం మొదలుపెట్టాడు. వెలుపలి అంచుకి ఒకటి, మడమ వెనక ఒకటి, వేళ్ళమీద పల్చగా ఒకటి. వణికే చేత్తోనే రుద్దాడు, పీకాడు, మళ్ళీ అంటించాడు. భార్య పాదం ఆ తోలు కింద మెల్లగా కనుమరుగైంది. దానిమీదా, టీచరమ్మ ఎడమపాదం మీదా తోలు లాగి బూట్లు కుట్టాడు.

సోమవారం పొద్దున టీచరమ్మ కొత్త బూట్లు తొడుక్కుని లేచి నిలబడింది. గుమ్మందాకా గోడ పట్టుకుంది. గుమ్మం దాటాక వదిలేసింది. వీధి మలుపుదాకా ఆ కుడికాలినే చూస్తూ నిలబడ్డాడు మేస్త్రీ.

లోపలికొచ్చి చూస్తే భార్య చీపురు పట్టుకుని ఉంది.

"అది పక్కన పెట్టి, ఇలా వచ్చి కూర్చో" అన్నాడు, కొలత ఇచ్చేవాళ్ళ స్టూలు చూపించి.

"ఇప్పుడెందుకండీ, పని..."

"కూర్చోమన్నానా."

ఆవిడ కూర్చుని పాదాలు స్టూలు కిందికి లాక్కుంది. మేస్త్రీ కింద కూర్చుని ఒక్కో పాదాన్నీ బయటికి తీసి తన మోకాలిమీద పెట్టుకున్నాడు. వాచి ఉన్నాయి. బొటనవేలి పక్కన ఎముక పొడుచుకొచ్చి ఎన్నేళ్ళయిందో. మడమలు బీటలు వారాయి. అరికాల్లో గాజుపెంకు దిగిన గాయం, పసుపచ్చగా చీము పట్టి ఉంది. ఆ కాలితోనే ఆవిడ ఇంటెడు బురద తోసింది, మెట్లెక్కి డాబామీద పాదాలు ఆరబెట్టింది, స్టూలెక్కి మేకునుంచి జత దింపింది.

ఊళ్ళో ప్రతి మడమ సంగతీ అడిగే మనిషికి ఆ కాళ్ళు కొత్తగా ఉన్నాయి. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

"చెప్పలేదేమే?"

"మీరు అడగలేదుగా" అంది ఆవిడ. దెప్పుతున్నట్టు లేదు. ఉన్న సంగతి చెప్పినట్టుంది.

ఆయన గాయం కడిగి, మిగిలిన దుప్పటి పేలికతో కట్టు కట్టాడు. గాయం మానాకే బూటు, ముందు డాక్టరు దగ్గరికి పోదాం అన్నాడు. తర్వాత ఆ చిన్న జతలో మిగిలిన ఎడమ చెక్క పాదాన్ని తెచ్చి ఆవిడ ఎడంకాలి పక్కన పెట్టి చూశాడు. ఎక్కడా సరిపోలేదు.

"ఒంటికాలికే కుడతారా ఏమిటి?" అంది ఆవిడ, నవ్వు ఆపుకుంటూ.

"నీ కాలిప్పుడు చిన్నదేం కాదే. వంటింట్లో చుట్టిపెట్టినవాటిల్లో చనిపోయినవాళ్ళవి బోలెడున్నాయి, నీ కుడికాలికి తగింది దొరుకుతుంది. ఎడమది మాత్రం ఇదే" అని, మేస్త్రీ బొటనవేలి పక్కన వేలుపెట్టి తడిమి, ఆ పాత చెక్కమీద అదే చోట మొదటి తోలుముక్క అంటించాడు.